ఒక్క ఈలంటే ఆపడమే

పక్షవాతం వచ్చాక మా నాన్నకి రెండు చేతుల్లో పనికొచ్చేదిగా మిగిలింది ఎడమది ఒక్కటే. అందులోనూ పట్టు తగ్గిపోయి, బలమంతా బొటనవేలికే ఉండేది. కుడి చెయ్యి ఒడిలో పెడితే ఒడిలో, మంచం మీద పెడితే మంచం మీద, ఎక్కడ పెడితే అక్కడ పడుండేది. మాటకి మాత్రం ఏ లోటూ రాలేదు. నోరు కూడా కాస్త నెమ్మదిస్తే ఇల్లు ప్రశాంతంగా ఉండేదని అమ్మ ఒకసారి అనేసి, వెంటనే నాలుక కరుచుకుని, ఆ పూటంతా ప్రార్థన చేసుకుంటూ తిరిగింది.

ఆయన క్రేన్ డ్రైవరు. తెలుగు దేశానికి దూరంగా, మేం బతకడానికొచ్చిన హిందీ ఊరి ఉక్కు కార్ఖానాలో, షాపు అని పిలిచే ఒక పెద్ద పనిశాల కప్పు కింద, పట్టాల మీద అటూ ఇటూ నడిచే క్రేను ఉండేది. దానికి వేలాడే చిన్న గదిలో కూచుని మీటలు తిప్పడం ఆయన పని. పైన కూచున్నవాడికి కింద జరిగేది సగం కనిపించదు. కింద నిలబడి ఈల ఊదుతూ ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో చెప్పే మనిషి ఒకడుంటాడు. అతన్ని ఖలాసీ అంటారు. నాన్న పైన ఉన్నంత కాలం కింద ఉన్న ఖలాసీ ఒక్కడే. ఇచ్ఛాపురం దాటాక ఒరిస్సా సరిహద్దు పల్లె నించి వచ్చినవాడు. మేం బాబాయి అనేవాళ్ళం. క్రిస్మస్‌కి మా ఇంట్లో మొదటి కేకు ముక్క ఆయనదే. వాళ్ళింట్లో ఏ పండగొచ్చినా మొదటి విస్తరి నాన్నది.

నాన్న పడిపోయిన కొత్తలో బాబాయి చూడ్డానికొచ్చి, మంచం అంచున కూచుని భోరుమని ఏడ్చాడు. నాన్నకి ఒళ్ళు మండిపోయింది. ఏడవడానికైతే నా దగ్గరికి రావద్దని మొహమ్మీదే చెప్పేశాడు. అంత మాటన్నాక బాబాయి మళ్ళీ మా గేటు దాకా కూడా రాలేదు. మిగతా షాపు మనుషులు వచ్చేవాళ్ళు గానీ, నాన్నకి చెవుడు కూడా వచ్చినట్టు గట్టిగట్టిగా అరిచి మాట్లాడేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక కాఫీ గ్లాసులు తీస్తూ నేను పళ్ళు నూరేదాన్ని. కొన్నాళ్ళకి నాన్న వరండాలో కూచోవడం మానేశాడు. తర్వాత కర్ర ఊతంతో గుడికి రావడమూ మానేశాడు. పాస్టరుగారే ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్ళేవారు. కాసిడీహ్‌లోని మా చిన్న క్వార్టరులో, లోపలి గదిలో, గోడ వైపు తిరిగి పడుకునే మనిషైపోయాడు.

ఆయన మళ్ళీ గేటు దాటి బయటికి రావాలి. నాకు కావలసింది అదొక్కటే. ఎవరో ఎత్తుకుని తీసుకెళ్ళడం కాదు, తనే వస్తానని రావాలి.

అన్నయ్య సాక్చీలో రేడియోలు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడు. వైర్‌లెస్ లైసెన్సు కోసం చెప్పులరిగేలా తిరిగి, అది చేతికొచ్చాక, రేడియోతో నడిచే పడవ ఒకటి మొదలుపెట్టాడు. అరవైల మొదట్లో మాట ఇది. పలచటి చెక్కతో, చంకలో ఇరికించుకుని పోగలిగినంత పడవ. గట్టు మీద కూచుని పెట్టె మీదున్న బటన్ నొక్కితే, పడవలో ఉన్న రిలే, కరెంటుతో పడే చిన్న స్విచ్చి, టక్కుమనేది. ఒక్క టక్కుకి ఒక్క పనే. చుక్కాని తిరిగేది, అంతే. ఆపాలన్నా వెనక్కి రప్పించాలన్నా దారి లేదు. నాలుగైదు ఛానళ్ళతో, ఒక్కో పనికి ఒక్కో మీట ఉన్న సెట్లు విదేశాల్లో దొరికేవి. మనకి పత్రికల్లో వాటి బొమ్మలు దొరికేవి.

విశ్వకర్మ పూజ రోజున ఆ పడవని నాన్న పనిచేసిన షాపు ముందున్న నీళ్ళ కుండీలో నడుపుతానని అన్నయ్య ఫోర్‌మన్‌తో మాట్లాడుకొచ్చాడు. ఆ రోజు మా ఊళ్ళో కార్ఖానాల గేట్లు ఇంటివాళ్ళ కోసం తీస్తారు. పెళ్ళాం పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని, తమ మనిషి ఏ యంత్రం దగ్గర నిలబడతాడో చూసి వస్తారు. నాన్నకి కుర్చీ వేసి కూచోబెడదాం, చూసి సంతోషిస్తారు అన్నాడు అన్నయ్య. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నేళ్ళు అంతేసి ఇనుము గాల్లో నడిపిన మనిషి, కుర్చీలో కూచుని కొడుకు ఆడుకునే పడవ చూసి సంతోషించాలా అని అడిగాను. మరేం చెయ్యమంటావ్, ఒంటి చేత్తో ఏం నడుపుతారు అన్నాడు. నాన్నకి నడపడానికిస్తే ఆయనే వస్తాడని నేను మొండికేశాను. ఒక్క బొటనవేలితో నడిచేలా చెయ్యి అన్నాను. వాడు నవ్వాడు. వాడు నవ్వకపోయి ఉంటే బహుశా నేను ఆ పనికి దిగేదాన్ని కాదు.

నేను టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్ని. డయల్ తిప్పితే తీగ వెంట వెళ్ళేది టక్కులేనని నాకు తెలుసు. ఆరు తిప్పితే ఆరు టక్కులు వెళ్తాయి. అవతల గుండ్రంగా పేర్చిన మేకుల మీద ఒక ముల్లు ఆరు అంగలు జరిగి ఆరో మేకు మీద నిలబడుతుంది. ఆ మేకుకి ఏ తీగ తగిలిస్తే ఆ తీగ పలుకుతుంది. బటన్ ఒకటే అయినా, ఎన్నిసార్లు నొక్కామన్న లెక్కని బట్టి పడవ అన్ని పనులు చెయ్యగలదు. అన్నయ్యకి చెప్తే కాసేపు తల గోక్కుని, సరే, రేడియో నాది, స్విచ్చి నీది అన్నాడు.

జుగ్సలాయి పాత సామాన్ల కొట్లలో నేను వెతకని బుట్ట లేదు. చచ్చిపోయిన గోడ గడియారంలోంచి పళ్ళ చక్రం, దాన్ని వెనక్కి లాగే స్ప్రింగు, పాత కాలింగ్ బెల్ లోంచి ఇనుముని లాగే తీగచుట్ట తెచ్చాను. విరిగిన రేడియో పెట్టె నుంచి బేకలైట్ ముక్క కోసి బిళ్ళ చేశాను. దాని చుట్టూ మరలున్న ఇత్తడి మేకులు దిగేసి, మధ్యలో ఇత్తడి రేకుతో ముల్లు పెట్టాను. అంతా ఒక బిస్కట్ డబ్బాలో ఇమిడింది. ఒక్కో టక్కుకీ బెల్లు తీగచుట్ట చక్రాన్ని ఒక పన్ను ముందుకు నెట్టాలి. నెట్టేది కాదు. నెడితే రెండేసి నెట్టేది. ముల్లు రెండు మేకుల మధ్య నిలబడిపోయి, పడవ ముందుకీ వెనక్కీ ఒకేసారి పోవాలని గింజుకునేది. ఒకరోజు విసిగిపోయి డబ్బాని పెరట్లోకి గిరాటేశాను. అమ్మ దాన్ని తెచ్చి, తుడిచి, బియ్యం డబ్బా పక్కన పెట్టింది. నా కోపం చల్లారేదాకా వస్తువులు అక్కడే ఉండేవి.

తీగలు తగిలించడంలో అన్నయ్య నన్ను ఆటపట్టించని రోజు లేదు. సీసం కరిగించి తీగలు అతికే సోల్డరు నా చేతికి లొంగేది కాదు. పైగా ఏ తీగ ఎక్కడుండాలో పొద్దుటికీ సాయంత్రానికీ మారిపోయేది. అందుకని టెలిఫోన్లకి వాడే పెద్ద బ్యాటరీల నెత్తిన ఉండే ఇత్తడి నట్లు, చేత్తో తిప్పి బిగించేవి, అయిపోయిన బ్యాటరీల నించి పీకి మేకులన్నిటికీ వేశాను. ఇది స్విచ్చి కాదు, అమ్మవారి నగల పెట్టె అనేవాడు. ఏడిశావులే అనేదాన్ని.

మేకు నించి మేకుకి జరిగేటప్పుడు దారిలో ఉన్నవన్నీ పనిచేసేయకుండా, నొక్కడం ఆగాకే కరెంటు వదిలేలా అన్నయ్య ఒక కండెన్సరు వేశాడు. కొత్తగా నొక్కడం మొదలెట్టగానే ముల్లు మొదటికొచ్చి మళ్ళీ ఒకటి నించి లెక్కపెట్టుకునేలా ఇంకో రిలే పెట్టాడు. ఒకటి నొక్కితే ముందుకి, రెండు ఎడమకి, మూడు కుడికి, నాలుగు వెనక్కి, అయిదు ఆపడం. ముందు కదలాలి కదా, ఆపడం చివర్న వచ్చే మాట కదా అనుకున్నాం. అదే సహజం అనిపించింది ఇద్దరికీ.

ఈ టకటకలన్నీ లోపలి గదిలోకి వినిపిస్తూనే ఉండేవి. నాన్న అడిగేవాడు కాదు, మేం చెప్పేవాళ్ళం కాదు. ఒక సాయంత్రం గోడ వైపు తిరిగే అడిగాడు.

"ఏటే అమ్మీ, అది? ఓసారి సరిగ్గా అడుగేత్తంది, ఓసారి గెంతుతంది."

నేను డబ్బా తీసుకెళ్ళి మంచం మీద పెట్టి, బటన్ ఆయన బొటనవేలి కింద ఉంచాను. మేకులకి చిన్న బల్బులు తగిలించి చూపించాను. ఆయన నొక్కాడు, వెలిగింది. ఇంకోలా నొక్కాడు, ఇంకోటి వెలిగింది. ఆ రాత్రి భోజనానికి గోడ వైపు నించి ఇటు తిరిగి కూచున్నాడు. తర్వాత రోజూ సాయంత్రం నేను పిలవకుండానే డబ్బా తెమ్మనేవాడు. పూజ నాటికి మా లెక్క ఆయనకి కంఠతా వచ్చేసింది. షాపుకి వస్తారా అని అన్నయ్య అడిగాడు. చొక్కా ఇస్త్రీ చేసుందా అన్నాడు నాన్న. అమ్మ వంటింట్లోకి వెళ్ళి కొంగు కళ్ళకి అద్దుకుంది.

విశ్వకర్మ పూజ గురించి ఒక మాట చెప్పాలి. ఆ రోజు పనిముట్టు ముట్టుకోరు. సుత్తి, పట్టకారు, స్క్రూడ్రైవరు అన్నీ కడిగి, బొట్టు పెట్టి, దేవుడి ముందు పెడతారు. మాది క్రైస్తవుల ఇల్లు. నాన్న ఏ విగ్రహానికీ దండం పెట్టిన మనిషి కాదు. కానీ ఈ ఒక్క ఆచారం షాపు నించి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ రోజు మా ఇంట్లో అమ్మ కత్తిపీట కూడా తియ్యకూడదు. ఏటేటా ఆ రోజు పప్పూ ఆవకాయే తిన్నాం. అమ్మ ఏటేటా సణిగింది.

మబ్బుగా, ఉక్కగా ఉందా రోజు. రిక్షాలోంచి అన్నయ్యా ఇంకో ముగ్గురూ కలిసి నాన్నని దింపి, ఎత్తి తీసుకెళ్ళి కుండీ గట్టున కుర్చీలో కూచోబెట్టారు. ఎత్తుతున్నంతసేపూ ఆయన కళ్ళు మూసుకున్నాడు. కుండీ చుట్టూ జనం. అవతలి గట్టున, కాస్త వెనగ్గా, బాబాయి. కొత్త ధోవతి కట్టుకున్నా మెళ్ళో ఈల ఉంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోనట్టు నటించారు.

పడవ నీళ్ళలో దిగింది. నాన్న ఒకటి నొక్కాడు. పడవ బయల్దేరింది. జనం చప్పట్లు కొట్టారు. రెండు నొక్కాడు, ఎడమకి తిరిగింది. మూడు, కుడికి. నాన్న మెడ నిటారుగా నిలబడడం నేను చూశాను. ఎన్నాళ్ళయింది ఆ మెడ చూసి! ఇంతలో పడవ మలుపు తీసుకుంటూ అవతలి గోడ వైపు పోసాగింది. గోడ ఇంకా ఎంత దూరముందో నాన్న ఉన్న చోటి నించి తెలియడం లేదు. బాబాయికి తెలుస్తోంది. చెయ్యి తనంతట తానే ఈల మీదికి వెళ్ళినట్టుంది, ఒక్కసారి ఊదాడు.

నాన్న బొటనవేలు ఒక్కసారి నొక్కింది.

పడవ ఆగడానికి బదులు నేరుగా ముందుకి దూకింది. బాబాయి కంగారుపడి మళ్ళీ గట్టిగా ఒక్క ఈల వేశాడు. నాన్న మళ్ళీ ఒక్కసారి నొక్కాడు. ఇద్దరు పెద్దమనుషులూ ఒకళ్ళనొకళ్ళు పూర్తిగా నమ్ముకుని ఆ పడవని గోడకేసి కొట్టారు. ముక్కు పగిలింది. అన్నయ్య ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగి, ఇంకా గింజుకుంటున్న పడవని ఎత్తుకొచ్చాడు.

ఎవరూ వెక్కిరించలేదు. వెక్కిరించినా బాగుండేది. పక్కనున్న ఒకాయన నాన్న భుజం తట్టి, "రహనే దో చాచా, థక్ గయే హో. బేటా చలాయేగా," అన్నాడు. అలిసిపోయావు, వదిలెయ్, కొడుకు నడుపుతాడులే అని. జాలి నిండిన గొంతు. నాన్న మొహం తలుపు మూసుకున్నట్టు మూసుకుపోయింది.

"ఎల్దాం," అన్నాడు. "ఇంటికెల్దాం."

నా ప్రాణం ఉసూరుమంది. ఇప్పుడు ఇంటికెళ్తే ఇంక ఆ గోడ వైపు నించి ఎవరూ ఇటు తిప్పలేరని నాకు తెలిసిపోయింది. కుర్చీ ముందు చతికిలబడి, అయిదు నొక్కాలి కదా నాన్నా, ఇంట్లో ఒక్కసారీ తప్పలేదు కదా, ఒకటెందుకు నొక్కావు అని అడిగాను. గొంతులో విసుగు దాచుకోలేదు. ఆయన నా కంటే విసుగ్గా చూశాడు.

"ఆడు ఒకటి ఊదేడు. ఒక్క ఈలంటే ఆపడమే. ఎవుడికి తెలీదది?"

నాకు తెలీదు. అన్నయ్యకి తెలీదు. ఆ షాపులో మాత్రం తెలియనివాళ్ళు లేరు. ఆయన ఒంట్లో కుడి వైపంతా పడిపోయినా ఆ లెక్క పడిపోలేదు. మేం మా లెక్క తెచ్చి ఆయనకి నేర్పాం, ఆయన నోరెత్తకుండా నేర్చుకున్నాడు. ఆయనకొక లెక్క ఉందేమోనని అడగాలని మాకు తోచలేదు. సాయం చేసే చేతులకి అంత తొందర ఉంటుంది కాబోలు.

అన్నయ్య జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. తీగలు మార్చేస్తాను, ఎంతసేపు అన్నాడు. నాన్న ఎడమ చెయ్యి లేచింది. ఈ రోజు పనిముట్టు తియ్యకూడదన్నాడు. నాకు పిచ్చి కోపం వచ్చింది. మనకేమిటి నాన్నా ఈ పూజ, మనం క్రైస్తవులం కదా అన్నాను, చుట్టూ ఉన్నవాళ్ళు వింటున్నారని కూడా చూడకుండా.

"దేవుడి మాట కాదే. ఏడాదంతా చాకిరీ చేసింది అది. ఒక్క రోజు ఊరుకోనీ దాన్ని."

అన్నయ్య స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసుకున్నాడు. నేను పడవలో ఉన్న బిస్కట్ డబ్బా వైపు చూశాను. మూతకి వేసింది సైకిల్ ట్యూబు రబ్బరు, చేత్తో ఊడొస్తుంది. లోపల నా అమ్మవారి నగలు, ఇత్తడి నట్లు, అన్నీ చేత్తో తిప్పేవే. అన్నయ్యా నేనూ ఒకేసారి మొహాలు చూసుకున్నాం. ఆ నట్ల గురించి వాడు నన్ను ఆ రోజు ఆటపట్టించలేదు, తర్వాత కూడా ఎప్పుడూ ఆటపట్టించలేదు. ఏమైనా సరే అడిగే చెయ్యాలనిపించి, మరి వేళ్ళు వాడొచ్చా నాన్నా, అవి పనిముట్లు కావా అన్నాను.

"చేతి ఏళ్ళకి సెలవెక్కడిదే," అన్నాడు. పెదవి చివర చిన్నగా కదిలింది.

ఆయన చెప్తూంటే నేను మార్చాను. ఒకటి ఆపడం. రెండు ఎత్తడం, పడవకి ముందుకి అనుకో. మూడు దించడం, వెనక్కి అనుకో. నాలుగు ఎడమ, అయిదు కుడి. నట్లు తడిసి జారుతున్నాయి, గోళ్ళు నొప్పెట్టాయి. జనం ఒకళ్ళొకళ్ళే ప్రసాదం వైపు జారుకున్నారు. బాబాయి మాత్రం కదల్లేదు. నాన్న చెప్పే ఒక్కో మాటకీ అవతలి గట్టున తలూపుతున్నాడు. మూత పెట్టి, పగిలిన ముక్కు మీద అన్నయ్య కొవ్వొత్తి మైనం మెత్తి, పడవని మళ్ళీ నీళ్ళలో వదిలాడు.

నాన్న మొదటిసారి బాబాయి వైపు సూటిగా చూశాడు.

"ఊదు," అన్నాడు.

రావద్దన్న రోజు తర్వాత ఆయన బాబాయితో అన్న మొదటి మాట అదే. బాబాయి ఈల నోట్లో పెట్టుకోబోయి, దాన్ని ధోవతి చెంగుతో తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. మళ్ళీ ఏడుస్తాడేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు. రెండు ఊదాడు. పడవ కదిలింది. నాలుగు, ఎడమకి. అయిదు, కుడికి. ఈలకీ వేలికీ మధ్య దూరమే లేదు. నాన్న అసలు పడవ వైపు చూడ్డమే లేదు, తల కొంచెం వాల్చి వింటున్నాడు. బాబాయి కుండీ గట్టు వెంట పడవతో పాటు నడుస్తూ ఊదుతున్నాడు, కింద ఇనుముతో పాటు నడిచినట్టే. ప్రసాదానికి వెళ్ళినవాళ్ళు దొన్నెలు పట్టుకుని వెనక్కొచ్చి నిలబడ్డారు. ఈసారి చప్పట్లు లేవు. పని జరుగుతున్నచోట ఎవరూ చప్పట్లు కొట్టరు. పడవ ఇందాకటి గోడ దగ్గరికే వెళ్ళింది. జానెడు దూరంలో ఒక్క ఈల. ఆగింది.

సాయంత్రం బయల్దేరేటప్పుడు పొద్దున ఎత్తి తెచ్చిన నలుగురూ మళ్ళీ కుర్చీ చుట్టూ చేరారు. నాన్న వద్దన్నాడు. ఎలా వస్తారు నాన్నా అని అన్నయ్య అంటూండగా బాబాయి వాళ్ళని పక్కకి తప్పుకోమని, కుర్చీకి ఎదురుగా, ఆ పాత రోజుల్లో నిలబడినట్టు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. రెండు ఊదాడు.

రెండంటే ఎత్తడం. నాన్న ఎడమ చెయ్యి కుర్చీ మీద అదిమాడు. లేచాడు.

బాబాయి ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ నడిచాడు. నాన్న, అన్నయ్య అందించిన కర్ర ఊతంతో, కుడి కాలు ఈడ్చుకుంటూ, ఆయన మీదే కళ్ళు పెట్టి నడిచాడు. నేను పక్కనే ఉన్నాను, ముట్టుకోలేదు. ఆ కొంచెం దూరం ముట్టుకోకుండా నడవడం నా జన్మలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. రిక్షా దగ్గర ఒక్క ఈల. నాన్న ఆగాడు. అన్నయ్య భుజం పట్టుకుని పైకెక్కి, వెనక్కి తిరిగి చూశాడు. బాబాయి మూడు ఊదాడు, చాలా మెల్లిగా. నాన్న సీటు మీదికి వాలాడు.

దారిలో నేను ఏడ్చాను. నాన్న చూసి కూడా, బాబాయితో అన్నట్టు, నా దగ్గర ఏడవద్దనలేదు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం నేను తల దువ్వుకుంటూంటే గేటు దగ్గర ఈల వినిపించింది, రెండుసార్లు. జడ సగంలోనే వదిలేసి పరిగెత్తుకొచ్చాను. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని, వరండాలో కూచుని ఉన్నాడు. గేటవతల బాబాయి. ఆయన హిందువు, మా గుడితో ఆయనకేం పని లేదు, గుమ్మం దాకా దిగబెట్టడానికొచ్చాడు. నాన్న నన్ను చూసి మొహం చిట్లించాడు.

"ఏటి, ఇంకా తెమల్లేదా? ఆడొచ్చి నిలబడ్డాడు," అని, ఎడమ చెయ్యి కుర్చీ మీద అదిమాడు.